డి.ఓ. అంటే ఏ డాక్టరు?

అమెరికాలో డాక్టర్ కావాలంటే ఎం.డి. ఒక్కటే దారి కాదు, డి.ఓ. అనే మరో డిగ్రీ కూడా ఉంది. అయితే అవే రెండక్షరాలతో వేరే కోర్సులూ ఉన్నాయి. ఫీజు కట్టే ముందు తేడా తెలుసుకోండి.

కొండకల్ అనగానే ఇప్పుడు అందరికీ రైలు కోచ్ ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. మా చిన్నాయనకు మాత్రం అక్కడున్న తన ఎకరం భూమే గుర్తొస్తుంది. పోయిన ఎండాకాలం ఆ ఎకరంలో సగం అమ్మేద్దామనుకున్నాడు. దానికి కారణం ఒక రంగురంగుల బ్రోచర్.

చిన్నాయన కూతురు బైపీసీ. నీట్ రెండుసార్లు రాసింది. క్వాలిఫై అయింది గానీ సీటు వచ్చే ర్యాంకు రాలేదు. మా వైపు పిల్లలకు మెడికల్ కాలేజీ అంటే ఎక్కడో దూరాన ఉండేది కాదు. మొయినాబాద్ వైపు వెళ్తే భాస్కర్ మెడికల్ కాలేజీ, చేవెళ్ల వెళ్తే పట్నం మహేందర్‌రెడ్డి వైద్య కళాశాల. బస్సు కిటికీలోంచి రోజూ కనిపించేదే. కనిపిస్తూ అందకపోతే బాధ ఇంకాస్త ఎక్కువగా ఉంటుంది.

అలాంటి టైమ్‌లో సిటీలో ఒక కన్సల్టెన్సీ సెమినార్‌కు వెళ్లొచ్చారు. ‘అమెరికన్ పద్ధతిలో డి.ఓ. డాక్టర్ కోర్సు, నీట్ ర్యాంకుతో పనిలేదు’ అని బ్రోచర్ మీద పెద్దక్షరాల్లో ఉంది. మొదటి విడత డబ్బు వారంలోగా కట్టాలట. ‘‘నువ్వు ఇంజినీరింగు చదివినవ్, ఇంటర్నెట్ల రాస్తవ్ గదా. జర ఇది చూసి చెప్పు బిడ్డా’’ అన్నాడు చిన్నాయన.

నేను డాక్టర్‌ని కాదు. ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల గురించి రాసుకునేవాణ్ని. కాకపోతే ఏ బాక్స్ మీదైనా ముందు చిన్నక్షరాలు చదవడం నాకు అలవాటు. ఈ బ్రోచర్ నాలుగో పేజీలో అడుగున, చిన్నక్షరాల్లో ‘డిప్లొమా ఇన్ ఆస్టియోపతి’ అని ఉంది. అక్కడే ఆగిపోయాను. ఆ తర్వాత రెండు వారాలు ఈ డి.ఓ. సంగతేంటో తవ్వాను. మీలో ఎవరికైనా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నా.

రెండక్షరాలు, మూడు అర్థాలు

మన ఊళ్లలో కంటి డాక్టర్ల బోర్డులు గమనించే ఉంటారు. ‘ఎంబీబీఎస్, డి.ఓ.’ అని ఉంటుంది. అది డిప్లొమా ఇన్ ఆప్తాల్మాలజీ. ఎంబీబీఎస్ తర్వాత కంటి వైద్యంలో చేసే పీజీ డిప్లొమా. దీనికీ మన కథకూ సంబంధం లేదు.

రెండోది డిప్లొమా ఇన్ ఆస్టియోపతి. కండరాలు, కీళ్లు, వెన్ను నొప్పులకు చేతులతో చేసే చికిత్స నేర్పే కోర్సు. ఇది చదివినవారిని ‘ఆస్టియోపాత్’ అంటారు. బ్రిటన్‌లో దీనికి 1993లో ప్రత్యేక చట్టమే వచ్చింది. జనరల్ ఆస్టియోపతిక్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయినవాళ్లే అక్కడ ఆ పేరు పెట్టుకోవాలి. గౌరవమైన వృత్తే. కానీ వీళ్లు మందులు రాసే, ఆపరేషన్లు చేసే డాక్టర్లు కారు.

మూడోది డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్. ఇది అమెరికాలో మాత్రమే ఇచ్చే పూర్తిస్థాయి వైద్య డిగ్రీ. ఈ డి.ఓ.లు ఎం.డి.ల్లాగే మందులు రాస్తారు, సర్జరీలు చేస్తారు, స్పెషలిస్టులవుతారు. 50 రాష్ట్రాల్లోనూ లైసెన్సు దొరుకుతుంది.

సెమినార్‌లో మాట్లాడింది మూడోదాని గురించి. బ్రోచర్‌లో అమ్మింది రెండోదాన్ని. కోర్సు ఉన్నది కూడా అమెరికాలో కాదు, వేరే దేశంలో. అమెరికా బయట ఆస్టియోపతి చదివినవాళ్లకు అమెరికాలో డాక్టర్ లైసెన్సు రాదు. పేరు ఒకటే అయినా తలుపు వేరు.

కిర్క్స్‌విల్ నుంచి వైట్‌హౌస్ దాకా

అసలు ఎం.డి. ఉండగా ఇంకో డిగ్రీ ఎందుకొచ్చింది? దానికొక కథ ఉంది. ఆండ్రూ టేలర్ స్టిల్ అనే అమెరికన్ వైద్యుడి ముగ్గురు పిల్లలు 1864లో మెనింజైటిస్‌తో చనిపోయారు. అప్పటి మందులు వాళ్లను కాపాడలేకపోయాయి. పాదరసం కలిసిన మందులు, రక్తం తీయడం లాంటివి వైద్యంగా చలామణీ అయిన కాలమది. విసిగిపోయిన స్టిల్, శరీర నిర్మాణాన్ని సరిచేస్తే శరీరం తనను తాను బాగుచేసుకుంటుందన్న సిద్ధాంతాన్ని 1874లో ముందుకు తెచ్చాడు. 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కిర్క్స్‌విల్‌లో మొదటి కాలేజీ పెట్టాడు.

ఆయన చెప్పినవన్నీ సైన్సు ముందు నిలబడలేదు. కానీ ఆయన కాలేజీలు సైన్సుతో పాటు మారాయి. ఔషధశాస్త్రం, సర్జరీ అన్నీ సిలబస్‌లో చేరాయి. అయినా గుర్తింపు తేలిగ్గా రాలేదు. రెండో ప్రపంచయుద్ధంలో డి.ఓ.లను సైన్యం వైద్యాధికారులుగా తీసుకోలేదు. ఆ తలుపు 1966లో తెరుచుకుంది. కాలిఫోర్నియాలో 1962లో ఇంకో విచిత్రం జరిగింది. అక్కడి డి.ఓ.లు 65 డాలర్లు కట్టి తమ డిగ్రీని ఎం.డి.గా మార్చుకునే వీలు కల్పించారు. చాలామంది మార్చుకున్నారు కూడా.

ఇప్పుడు పరిస్థితి వేరు. అమెరికాలో వైద్యం చదివే ప్రతి నలుగురిలో ఒకరు డి.ఓ. కాలేజీలోనే ఉన్నారు. ట్రంప్ మొదటి విడత పాలనలో వైట్‌హౌస్ డాక్టర్‌గా చేసిన షాన్ కాన్లీ, బైడెన్ డాక్టర్ కెవిన్ ఓ కానర్ ఇద్దరూ డి.ఓ.లే.

చదువు ఎలా ఉంటుంది?

డిగ్రీ అయ్యాక నాలుగేళ్లు. మొదటి రెండేళ్లు అనాటమీ, ఫిజియాలజీ, పాథాలజీ, ఫార్మకాలజీ. తర్వాతి రెండేళ్లు ఆస్పత్రుల్లో క్లినికల్ శిక్షణ. ఎం.డి. కాలేజీతో పోలిస్తే తేడా ఒక్కటే. సుమారు 200 గంటల అదనపు శిక్షణ ఉంటుంది. దాన్ని ఆస్టియోపతిక్ మానిప్యులేటివ్ మెడిసిన్ అంటారు. విద్యార్థులు ఒకరి మీద ఒకరు ప్రాక్టీస్ చేస్తూ, కండరం ఎక్కడ బిగుసుకుందో, కీలు ఎక్కడ పట్టేసిందో చేతివేళ్లతో గుర్తుపట్టడం నేర్చుకుంటారు.

ఇందులో అన్నిటికీ ఒకే స్థాయి రుజువులు లేవు. నడుంనొప్పికి ఈ తరహా చికిత్సను ప్రయత్నించవచ్చని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017 మార్గదర్శకాల్లో ఉంది. తల ఎముకలను సవరించే ‘క్రేనియల్’ పద్ధతి మీద మాత్రం డి.ఓ.ల్లోనే విమర్శలున్నాయి. చాలామంది డి.ఓ.లు ప్రాక్టీస్‌లోకి వచ్చాక చేతి చికిత్సను పెద్దగా వాడరు కూడా.

లైసెన్సు కోసం వీళ్లు కామ్లెక్స్ అనే పరీక్ష మూడు లెవెల్స్ రాయాలి. ఎం.డి. విద్యార్థులు రాసే యూఎస్ఎంఎల్ఈని కూడా చాలామంది అదనంగా రాస్తారు. అంటే ఒకే సిలబస్‌కు రెండు పరీక్షలు, రెండు ఫీజులు. 2020 నుంచి ఎం.డి., డి.ఓ.ల రెసిడెన్సీలు ఒకే గుర్తింపు వ్యవస్థ కిందకు వచ్చాయి. అయినా న్యూరోసర్జరీ, ప్లాస్టిక్ సర్జరీ, డెర్మటాలజీ లాంటి పోటీ ఎక్కువున్న విభాగాల్లో డి.ఓ.లకు ఇప్పటికీ సీటు కష్టమే. సగానికి పైగా డి.ఓ.లు ఫ్యామిలీ మెడిసిన్, ఇంటర్నల్ మెడిసిన్, పిల్లల వైద్యం లాంటి ప్రైమరీ కేర్ విభాగాల్లో ఉన్నారు.

అక్కడి తెలుగు ఇళ్లలో

డాలస్, న్యూజెర్సీ లాంటి చోట్ల స్థిరపడ్డ తెలుగువాళ్ల పిల్లలకు ఈ డిగ్రీ కొత్త కాదు. ఫోర్ట్‌వర్త్‌లో టెక్సస్ కాలేజ్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్ ఉంది. అది ప్రభుత్వ కాలేజీ. న్యూజెర్సీలో రోవన్ యూనివర్సిటీ కింద ఒకటి ఉంది. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు ఇవి ఇంటికి దగ్గర్లోని వైద్య కాలేజీలు.

నాతో బీటెక్ చదివిన ఫ్రెండ్ వాళ్లక్క డాలస్‌లో ఉంటుంది. ఆమె కూతురు డి.ఓ. చదువుతోంది. ఫోన్ చేసి అడిగితే ఆమె నవ్వేసింది. ‘‘సీటొచ్చిందని చెబితే మా అత్తగారు అడిగిన మొదటి మాట, ఎం.డి. రాలేదా అని. ఎముకల డాక్టరా అని ఇంకొకరు. తెల్లకోటు వేడుక ఫొటోలు పంపాక గానీ ఊళ్లో వాళ్లకు నమ్మకం కుదరలేదు’’ అంది. అమ్మాయిని కదిపితే ఒక్క మాటే చెప్పింది: ‘‘పేషెంట్ నన్ను డిగ్రీ అడగలేదు, నొప్పి తగ్గుతుందా అని అడిగారు.’’

ఇక్కడి నుంచి నేరుగా వెళ్లగలమా?

సూటిగా చెప్పాలంటే చాలా కష్టం. కారణాలు ఇవి.

ఇంటర్ బైపీసీతో నేరుగా చేరలేం. ముందు డిగ్రీ కావాలి. దాదాపు అన్ని కాలేజీలూ అమెరికాలో లేదా కెనడాలో చేసిన కోర్సు క్రెడిట్లనే అడుగుతాయి. బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, ఇంగ్లిష్ తప్పనిసరిగా ఉండాలి. బయోకెమిస్ట్రీని కూడా చాలా కాలేజీలు అడుగుతాయి. పైన ఎంక్యాట్ స్కోరు. డాక్టర్ల వెంట తిరిగి పని చూసిన అనుభవం, సిఫార్సు లేఖలు. దరఖాస్తు ఎక్కువగా ఆకోమాస్ అనే ఉమ్మడి పోర్టల్ ద్వారా వెళ్తుంది.

ఎఫ్-1 వీసా విద్యార్థులను తీసుకునే డి.ఓ. కాలేజీలు తక్కువ. టెక్సస్ ప్రభుత్వ వైద్య కాలేజీల్లో కనీసం 90 శాతం సీట్లు ఆ రాష్ట్రం వాళ్లకే.

ఇక డబ్బు. ప్రైవేటు కాలేజీలో ట్యూషన్ ఫీజే ఏడాదికి 60 వేల డాలర్ల దాకా ఉంటుంది. డాలరు 85 రూపాయలనుకున్నా ఏడాదికి 51 లక్షలు, నాలుగేళ్లకు 2 కోట్లు దాటుతుంది. తిండి, అద్దె వేరే. అమెరికా ఫెడరల్ విద్యారుణాలు ప్రధానంగా ఆ దేశ పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు. మనకు రావు. కొన్ని కాలేజీలైతే విదేశీ విద్యార్థులను ఫీజు సొమ్ము ముందే బ్యాంకులో చూపించమంటాయి. కొండకల్‌లో అర ఎకరం అమ్మినా తెగే లెక్క కాదిది.

మరి మనకున్న దారులేంటి?

అమెరికాలో డాక్టర్ కావడమే లక్ష్యమైతే మనవాళ్లు ఎక్కువగా వెళ్లే దారి వేరు. ఇక్కడ ఎంబీబీఎస్ చదివి, యూఎస్ఎంఎల్ఈ స్టెప్ 1, స్టెప్ 2 సీకే రాసి, ఈసీఎఫ్ఎంజీ సర్టిఫికెట్ తీసుకుని, రెసిడెన్సీ మ్యాచ్‌కు దరఖాస్తు చేయడం. మ్యాచ్ ఫలితాలు ఏటా మార్చిలో వస్తాయి. రెసిడెన్సీలో జీతం ఇస్తారు. ఇంటర్నల్ మెడిసిన్ మూడేళ్లు, న్యూరోసర్జరీ ఏడేళ్లు. ఇదీ సులువు కాదు, కానీ అమెరికాలో రెండు కోట్ల ఫీజుతో మొదలయ్యే దారి కాదు.

వేరే దేశంలో వైద్యం చదివి ఇక్కడ ప్రాక్టీస్ చేయాలంటే నీట్ క్వాలిఫై కావాల్సిందే. 2021 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లిష్‌లో బోధించాలి, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి, ఆ దేశంలో డాక్టర్‌గా లైసెన్సు పొందే అర్హత ఆ డిగ్రీకి ఉండాలి. ‘నీట్‌తో పనిలేదు’ అన్న మాట ఎక్కడ కనిపించినా అనుమానించండి.

చేతి చికిత్స మీదే ఆసక్తి ఉంటే? మన పక్కనే ఒడిశాలోని కటక్‌లో శ్రీశ్రీ యూనివర్సిటీలో ఆస్టియోపతి కోర్సులున్నాయి. అవి చదివితే ఆస్టియోపాత్ అవుతారు, ఎంబీబీఎస్ డాక్టర్ కారు. ఆ సంగతి తెలిసి చేరితే తప్పేమీ లేదు. మన దగ్గర ఆస్పత్రి ఉద్యోగాల్లో ఇదే తరహా పనికి ఎక్కువగా అడిగే అర్హత మాత్రం ఫిజియోథెరపీ డిగ్రీ.

డబ్బు కట్టే ముందు అయిదు ప్రశ్నలు

1. సర్టిఫికెట్ మీద డిగ్రీ పూర్తి పేరు ఏమని ఉంటుంది? పొట్టి అక్షరాలు వద్దు, పూర్తి పేరు రాసిమ్మనండి.

2. అమెరికా డి.ఓ. అంటున్నారా? అయితే కాలేజీ పేరు ‘కోకా’ గుర్తింపు జాబితాలో ఉందా? డి.ఓ. కాలేజీలకు గుర్తింపు ఇచ్చే సంస్థ అది. ఆ జాబితాలో కాలేజీలన్నీ అమెరికాలోనే ఉన్నాయి.

3. ఈ డిగ్రీతో ఆ దేశంలోనే డాక్టర్ లైసెన్సు వస్తుందా? అక్కడే రాకపోతే ఇక్కడా రాదు.

4. విదేశీ విద్యార్థులను తీసుకుంటామని కాలేజీ సొంత వెబ్‌సైట్‌లో ఉందా? ఏజెంటు మాట లెక్కలోకి రాదు. కాలేజీ అడ్మిషన్ ఆఫీసుకు మీరే మెయిల్ పెట్టండి.

5. వారంలో కట్టకపోతే సీటు పోతుందంటున్నారా? నిజమైన వైద్య కాలేజీ ప్రవేశాలు నెలల తరబడి సాగుతాయి. వారంలో ముగిసేవి ఆఫర్లు మాత్రమే.

మా చిన్నాయన మూడో ప్రశ్న దగ్గరే ఆగాడు. ఆ ప్రశ్నను కన్సల్టెన్సీకి మెసేజ్ పెడితే ‘ఆఫీసుకు రండి సార్, మాట్లాడుకుందాం’ అని జవాబొచ్చింది. ఆయన పోలేదు. చెల్లెలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. బ్రోచర్‌లోని తెల్లకోటులో తనను తాను అప్పటికే చూసుకుంది మరి. మూడోరోజు ఫోన్ చేసి, ‘‘అన్నా, ఈసారి ఫిజిక్స్‌కు మంచి లెక్చరర్ ఎవరున్నరో కనుక్కో’’ అంది. లాంగ్‌టర్మ్‌లో చేరింది. ఈసారి ర్యాంకు రాకపోతే ఫిజియోథెరపీకి వెళ్తానని తనే చెప్పింది.

అర ఎకరం అలాగే ఉంది. ఈ వానాకాలం అందులో పత్తి వేశారు.