కోట్ల పెద్దాయన లెక్క: సారా పోయింది, నీళ్లు రాలేదు

ఆదోని, ఎమ్మిగనూరు: జిల్లా పడమటి పల్లెల్లో కోట్ల విజయభాస్కరరెడ్డి పేరెత్తితే రచ్చకట్ట మీద నేటికీ రెండు పక్షాలు తయారవుతాయి. సారా అంగళ్లు మూయించిన మనిషి అని ఒక పక్షం. రెండుమార్లు ముఖ్యమంత్రి గద్దె ఎక్కి కూడా మన కాలువను పట్టించుకోలేదని మరో పక్షం. లద్దగిరి కోట్ల వారి పెద్దాయన 2001 సెప్టెంబరు 27న కన్నుమూశారు. ఆయన పోయి రెండు దశాబ్దాలు దాటినా ఈ తగవు మాత్రం తీరలేదు.

ఆయనకు అధికారం రెండుసార్లూ ఇల్లు కాలుతున్నప్పుడే చేతికొచ్చింది. 1978లో ఏర్పడిన శాసనసభలో చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రాం అయిపోయాక, 1982 సెప్టెంబరులో ఢిల్లీ అధిష్ఠానం ఆయనను నాలుగో ముఖ్యమంత్రిగా పంపింది. ఈ మార్పులనే ఆయుధంగా చేసుకుని రామారావు ఆత్మగౌరవ నినాదంతో ఊరూరూ తిరిగారు. నాలుగు నెలలు నిండకుండానే, 1983 జనవరిలో కాంగ్రెసు ఓడింది. పదేళ్ల తరువాత జనార్దనరెడ్డి రాజీనామాతో 1992 అక్టోబరులో మళ్లీ పిలుపొచ్చింది. 1994 డిసెంబరు ఎన్నికల్లో కాంగ్రెసుకు మిగిలింది 26 సీట్లు. రెండుసార్లూ ఎదురు నిలిచింది ఎన్.టి. రామారావే.

ఈ రెండో దఫాలోనే సారా సంగతి వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు కొంగు బిగించి సారాకొట్టు మూయించిన వార్త అప్పటికే రాష్ట్రమంతా పాకింది. ఉద్యమం ఆయన పుట్టించింది కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. ఖజానాకు వందల కోట్లు తెచ్చే రాబడి అది. వేలంపాటల్లో అంగళ్లు పాడుకున్న కంట్రాక్టర్లు పార్టీలకు పెట్టుబడిదారులు. వారిలో సొంత పార్టీ వారూ ఉన్నారు. అయినా ముందు నెల్లూరు జిల్లాలో, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా ప్రభుత్వం సారా నిషేధించింది. పొద్దంతా పత్తి ఏరిన కూలి సందెవేళకు ప్యాకెట్ల అంగట్లో ఇచ్చి వచ్చే మగవాడు ఉన్న ఇంట్లో, ఆ తేదీ విలువ ఏమిటో ఆడవాళ్లను అడగాలి.

నిషేధానికి తూట్లూ ఉన్నాయి. పేదవాడి సారా ఆపి, ఉన్నవాడి బ్రాందీ వదిలేశారన్న విమర్శ అప్పుడే వచ్చింది. అది తోసిపుచ్చదగ్గ మాట కాదు. పడమటి మండలాలకు ఇంకో చిక్కు: తుంగభద్ర దాటితే రాయచూరు, ఆలూరు దాటితే బళ్లారి. కర్ణాటకలో 2007 దాకా సారా అమ్మకం చట్టబద్ధమే. ఇటు తాళం వేసినా అటు తలుపు తెరిచే ఉంది. రామారావు 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చి పేరు కొట్టేశారు. అది 1997లో ఎత్తేశారు. తరువాత బెల్టు షాపులు పుట్టుకొచ్చాయి. విచిత్రమేమంటే, పేరు రాని ఆ మొదటి నిషేధమే నిలిచింది. ప్రభుత్వ సారా అంగడి మళ్లీ తెరుచుకోలేదు.

1994 పంచాయతీరాజ్ చట్టం కథా ఇటువంటిదే. ఆడవారికి మూడో వంతు స్థానాలు కేటాయించిన ఆ చట్టం ఆయన హయాంలో వచ్చింది. దాని కింద ఎన్నికలు 1995లో, రామారావు హయాంలో జరిగాయి.

ఇక నీళ్లు. తుంగభద్ర దిగువ కాలువ కర్ణాటకలో దాదాపు 250 కిలోమీటర్లు నడిచి మన పొలిమేర చేరుతుంది. వాటా 24 టీఎంసీలు. చివరి భూములకు అందేది అంతకు చాలా తక్కువ. డ్యాములో పూడిక, ఎగువన మళ్లింపు, రెండు రాష్ట్రాల పేచీ. ఇవేవీ ఒక ముఖ్యమంత్రి కలం పోటుతో తీరేవి కావు, నిజమే. కాని ఈ ఓట్లతోనే పలుమార్లు పార్లమెంటుకు వెళ్లి, కేంద్రంలోనూ మంత్రిగిరీ చేసిన మనిషి మీద రైతు పెట్టుకున్న ఆశ కూడా చిన్నది కాదు. కోసిగి, మంత్రాలయం పల్లెలు అప్పుడూ సుగ్గికి పోయాయి, ఇప్పుడూ గుంటూరు మిరప చేలకు పోతున్నాయి. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో పెట్టిన నేత సంఘాన్ని చేత్తో తాకి చూపవచ్చు. అలా తాకి చూపదగ్గది కోట్ల వారి పేర పడమట ఏదని అడిగితే ఆయన అభిమానులే తడుముకుంటారు.

ఇళ్ల రాజకీయం మరో మచ్చ. కోట్ల ఇల్లు, కె.ఇ. ఇల్లు అని జిల్లా రెండుగా చీలింది. పల్లెల్లో పార్టీ అంటే జెండా కాదు, ఏ ఇంటి మనిషివన్నదే. అందుకోసం తరాల తరబడి పలకరింపులు మానుకున్న కుటుంబాలున్నాయి. 1999లో కర్నూలు పార్లమెంటు స్థానం కె.ఇ. కృష్ణమూర్తికి పోయింది. అటు తరువాత పెద్దాయన కొడుకు జయసూర్యప్రకాశరెడ్డి కేంద్రంలో రైల్వే సహాయమంత్రి అయ్యారు. 2019లో ఆయన, తండ్రి రెండుసార్లు ఎదుర్కొన్న తెలుగుదేశంలోనే చేరారు. 2024లో డోన్ నుంచి కోట్ల వారు, పత్తికొండ నుంచి కె.ఇ. వారు ఒకే సైకిలు గుర్తు మీద గెలిచారు. పెద్దిళ్లు కలిశాయి. వారి కోసం మాటలు మానుకున్న చిన్నిళ్లలో కొన్ని ఇంకా కలవలేదు.