అద్దె ఇల్లు – రైతు లెక్క

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. సొంతానికి ఇల్లు కట్టుకోవడంలోని కష్టం మీకు నేను చెప్పనక్కరలేదు. ఈనాడు మనం ముచ్చటించుకొనబోయేది అద్దెకిచ్చేందుకు కట్టే ఇంటిని గురించి.

ఇప్పుడీ మాట ఎందుకు వచ్చిందంటారా? భోగాపురం విమానాశ్రయానికి భూములిచ్చిన రైతులకు పరిహారం ముట్టింది. రణస్థలం, పైడిభీమవరం, ఎచ్చెర్ల వైపు జాతీయ రహదారి వెంబడి భూముల ధర పెరిగింది. "ఈ పల్లం అమ్మేసి పట్నంలో రెండు వాటాల ఇల్లు వేస్తే, నెల తిరిగేసరికి అద్దె వస్తుంది. వానకి, తుపానుకి భయపడక్కర్లేదు" అని చాలామంది అనుకుంటున్నారు. అనుకోవడంలో తప్పులేదు. లెక్క వేయకుండా అమ్మడంలోనే ఉంది తప్పు.

చేను కౌలుకిచ్చేటప్పుడు మీరేమి చూస్తారు? నీరు అందుతుందా, నేల ఎటువంటిది, కౌలుదారు మంచివాడా అని చూస్తారు గదా. ఇల్లూ అంతే. అద్దె అనేది ఇంటికి వచ్చే కౌలు. దానికీ పెట్టుబడి ఉంది, ఖర్చు ఉంది, పంట పోయే ఏడూ ఉంది.

ఒక లెక్క వేసి చూద్దాం. స్థలానికి 12 లక్షలు, కట్టుబడికి 18 లక్షలు, మొత్తం 30 లక్షలు అయిందనుకోండి. రెండు వాటాలు. ఒక్కొక్క వాటాకు నెలకు 6,000 రూపాయలు. ఏడాదికి 1,44,000 వస్తుంది. ఒకరు ఖాళీచేసి మరొకరు చేరేలోగా ఒక్కొక్క వాటా ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటుందనుకుంటే 12,000 పోయింది. ఇంటి పన్ను, వెల్ల, నీళ్ళ మోటారు, మరమ్మతులు కలిపి మరో 24,000. ఇక మిగిలింది 1,08,000. అంటే పెట్టిన నూరు రూపాయలకు మూడు రూపాయల అరవై పైసలు. ఆ 30 లక్షలనే నూటికి ఆరు చొప్పున బ్యాంకులో వేస్తే 1,80,000 వస్తుంది. ముందు ముందు అద్దె పెరగవచ్చు, స్థలం ధరా పెరగవచ్చు. కాని పెరిగి తీరుతుందని ఎవరూ పూచీ పడరు.

పై 30 లక్షలలో 10 లక్షలు నూటికి తొమ్మిది వడ్డీకి అప్పు తెచ్చారనుకోండి. మొదటి ఏడు వడ్డీయే సుమారు 90,000. మీ చేతికి మిగిలేది 18,000. అసలు తీర్చేది ఇంకా వేరే ఉంది.

మరి లాభం లేదా అంటే, ఉంది. మీకు ఊళ్ళోనో, రోడ్డు ప్రక్కనో ఊరకే పడి ఉన్న సొంత స్థలముంటే, కొత్తగా పెట్టేది కట్టుబడి 18 లక్షలు మాత్రమే. అదే 1,08,000 ఇప్పుడు నూటికి ఆరు అవుతుంది. కావున ఉన్న స్థలంలో కట్టడం ఒకటి, పండే పల్లం అమ్మి కట్టడం మరొకటి. పాత పెంకుటిల్లు బాగుచేసి, ముందు ఒక్క వాటా అద్దెకిచ్చి చూడటం ఇంకా మంచిది.

ఇక అద్దెకు వచ్చేవారెవరు? ఇది ముందుగా తేల్చుకోవలెను. ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది. ట్రిపుల్ ఐటీ 2016లో వచ్చింది. వేలమంది పిల్లలున్నారు గదా అని తొందరపడకండి. ట్రిపుల్ ఐటీ పిల్లలు లోపలి హాస్టళ్ళలోనే ఉంటారు. మీకు దొరికేది బయట ఉండే ఉద్యోగులు. అలాగే, కట్టడాల పనికి వచ్చిన కూలీలు పని అయిపోగానే వెళ్ళిపోతారు. ఒక్క ఫ్యాక్టరీని నమ్ముకున్న వీధి ఆ ఫ్యాక్టరీతోనే లేస్తుంది, దానితోనే పడుతుంది. విజయనగరం ప్రాంతంలో జనపనార మిల్లులు మూతపడినప్పుడు ఏమైందో మీరెరుగుదురు. బడి, ఆసుపత్రి, బస్సు, బజారు నాలుగూ దగ్గరున్న చోటే ఇల్లు ఖాళీ ఉండదు.

తుపాను మాట మరువరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చాయి. చేను మునిగితే ఆ ఏటి పంట పోతుంది. రేకుల కప్పు ఎగిరిపోతే అద్దెపోయి, పైన ఖర్చు కూడా వస్తుంది. అందుచేత ఏడాదికి ఒక నెల అద్దె మరమ్మతులకని విడిగా దాచండి.

కాగితాల సంగతి. స్థలం కొనే ముందు ఈ.సి. తీయించండి, లేఅవుటుకు అనుమతి ఉన్నదీ లేనిదీ చూడండి. డి-పట్టా భూమి అయితే తహసీల్దారు కార్యాలయంలో విచారించకుండా బయానా ఇవ్వవద్దు. ఏజన్సీ గ్రామాలలో గిరిజనేతరులు స్థలం కొంటే 1/70 చట్టం ప్రకారం అది చెల్లదు. అద్దె ఒప్పందం తెలిసినవారైనా సరే రాసుకోవలెను. ఏడాదికి మించిన ఒప్పందం రిజిస్టరు చేయించాలి. నెలవారీ అద్దెకు వేరే షరతు రాసుకోకపోతే, ఖాళీ చేయమనడానికి 15 రోజుల నోటీసు ఇవ్వవలసి ఉంటుంది.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. వ్యవసాయపు రాబడికి ఆదాయపు పన్ను లేదు. ఇంటి అద్దె మాత్రం పన్ను లెక్కలోకి వస్తుంది. కట్టిన ఇంటి పన్ను తీసివేసి, మిగిలినదానిలో నూటికి 30 వంతులు మినహాయిస్తారు. తక్కిన అద్దె మీ ఆదాయంలో కలుస్తుంది.

విస్తరణ ఉద్యోగులకొక మనవి. రైతు చేతికి సొమ్ము వచ్చిన వారంలోపే దళారి గుమ్మంలో ఉంటాడు. వాడికంటే ముందు మీరు వెళ్ళండి. ఇంట్లో ఆడవారిని కూడా కూర్చోబెట్టి, పై లెక్కను వారి అంకెలతో వేయించండి.

సోదరులారా, ఇల్లు బీటలు వారితే మరమ్మతు చేసుకోవచ్చు. అమ్మిన పల్లం మళ్ళీ కొనాలంటే అదే ధరకు రాదు. లెక్క కుదిరితే కట్టండి. కుదరకపోతే చేనుని చేనుగానే ఉంచండి. తిండిగింజలైనా ఇంటికి వస్తాయి.