పాత క్యాబ్ కింద కొత్త ఛాసిస్

1950 నాటి షెవర్లే 3100 పికప్‌లో బ్రేకు పెడల్ క్యాబ్ నేలలోంచి పైకి పొడుచుకొచ్చి ఉంటుంది. నేల కింద ఒకే ఒక్క మాస్టర్ సిలిండర్. అందులోంచి బయల్దేరిన ఆయిలు నాలుగు చక్రాల డ్రమ్ములకూ ఒకే లైనులో వెళ్తుంది. ఎక్కడ ఒక పైపు పగిలినా, ఏ చక్రం దగ్గర సీలు కారినా, నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. పెడల్ నేలకు తగిలి ఆగుతుంది, ట్రక్కు ఆగదు. ముందు చక్రాలకు ఒకటి, వెనక చక్రాలకు ఒకటి చొప్పున రెండు దారులుండాలన్న నియమం అమెరికన్ కార్లలోనే 1960ల చివరికి గానీ తప్పనిసరి కాలేదు.

పాత ట్రక్కును బాగుచేయాలనుకునేవాళ్లు చాలామంది ఇంజిన్‌తో మొదలుపెడతారు. ఎన్ని హార్స్ పవర్లు, ఏ కంపెనీది, శబ్దం ఎలా ఉంటుంది అని లెక్కలు వేస్తారు. నా దృష్టిలో ఇంజిన్ మూడో ప్రశ్న. ఈ బండి ఎలా ఆగుతుంది, ఎలా తిరుగుతుంది అనే రెండు ప్రశ్నలకు జవాబు దొరికాకే ఎలా పరుగెడుతుందో ఆలోచించాలి. ఆ మొదటి రెండు జవాబులూ ఉండేది ఛాసిస్‌లో.

ఉదాహరణకు 3100నే తీసుకుంటున్నాను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత షెవర్లే కొత్తగా గీసిన ట్రక్కుల వరుసలో అరటన్ను మోడల్ ఇది. 1947 వేసవిలో అమ్మకానికి వచ్చి 1955 మొదటి నెలల దాకా తయారైంది. గుండ్రటి బానెట్, ఉబ్బిన మడ్‌గార్డులు, ముఖం మీద అయిదు అడ్డపట్టీల గ్రిల్, కొన్నిటికి క్యాబ్ వెనక మూలల్లో వంపు తిరిగిన అద్దాలు. అమెరికాలో పాత పికప్ బొమ్మ గీయమంటే ఇప్పటికీ చాలామంది చేతి నుంచి వచ్చే రూపం ఇదే. షెవర్లే పేరు మన దేశానికీ కొత్త కాదు. జనరల్ మోటార్స్ 1928 నుంచి 1954 దాకా బొంబాయిలోని శివడీ కర్మాగారంలో ఆ పేరుతో కార్లు, లారీలు, బస్సులు బిగించింది.

3100లో ఉన్నది ఆరు సిలిండర్లు వరసగా నిలిచిన ఇంజిన్. సుమారు మూడున్నర లీటర్లు, 90 హార్స్ పవర్. ఆ పూర్తి శక్తి వచ్చేది నిమిషానికి 3,300 చుట్ల దగ్గర. ఇప్పుడొక చిన్న లెక్క. వెనక ఇరుసులో గేరు నిష్పత్తి 4.11, టాప్ గేరులో గేర్ బాక్స్ ఇంజిన్ తిరిగినంతే ఇరుసుకు అందిస్తుంది, టైరు ఎత్తు దాదాపు 28 అంగుళాలు. గంటకు 60 మైళ్లు, అంటే 96 కిలోమీటర్ల వేగం దగ్గర ఇంజిన్ నిమిషానికి దాదాపు 2,960 చుట్లు తిరుగుతూ ఉంటుంది. తన శక్తి చివరి అంచుకు అంత దగ్గరగా గంటల తరబడి. పైగా 1953 దాకా ఈ ట్రక్కుల్లో వచ్చిన ఆ ఇంజిన్‌లో కనెక్టింగ్ రాడ్ బేరింగులకు ఒత్తిడితో ఆయిలు పంపే ఏర్పాటు లేదు. రాడ్ అడుగున ఉన్న చిన్న గరిటె ఆయిలును అందుకుని పైకి తోడుకోవాలి. పొలం నుంచి ఊరికి, ఊరి నుంచి గోదాముకు నడవడానికి అది చాలు. ఆ పనిని ఎంతో నమ్మకంగా చేసింది కూడా. నేటి ఫ్రీవే దాని కోసం వేసిన రోడ్డు కాదు.

అయితే ఇంజిన్ ఒక్కటే మారిస్తే సరిపోదా? ఇక్కడే తీగ లాగితే డొంకంతా కదులుతుంది. ఈ ట్రక్కులో ప్రొపెల్లర్ షాఫ్ట్ బయటికి కనిపించదు. అది ఒక లావుపాటి గొట్టంలో తిరుగుతుంది. ఆ గొట్టం వెనక ఇరుసు హౌసింగ్‌కు గట్టిగా బిగించి ఉంటుంది, ముందు కొస గేర్ బాక్స్ వెనక ఒక గుండ్రటి కీలులో కూర్చుంటుంది. వెనక చక్రాలు బండిని ముందుకు తోసే బలమంతా ఆ గొట్టం మీదుగానే ఛాసిస్‌కు చేరుతుంది. కొత్త ఇంజిన్ పెడితే కొత్త గేర్ బాక్స్ కావాలి. కొత్త గేర్ బాక్స్‌కు ఆ కీలు ఉండదు. కాబట్టి గొట్టం పోవాలి, దానితో వెనక హౌసింగ్ పోవాలి. ఇక తోపు బలం కమాన్ కట్టల మీద పడుతుంది గనుక వాటినీ, వాటి బ్రాకెట్లనూ మార్చాలి. ముందువైపు చూస్తే అడ్డంగా ఒకే ఇనుప ఇరుసు, కింగ్ పిన్నులు, డ్రమ్ బ్రేకులు. కొత్త శక్తిని అవి మోయలేవు. ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే చివరికి పాత ఛాసిస్‌లో మిగిలేది రివిట్లు కొట్టిన రెండు పొడుగు కమ్మీలు.

అందుకే రెండు దారులున్నాయి. ఒకటి, ఆ రెండు కమ్మీలను ఉంచి ముందు భాగంలో కొత్త సస్పెన్షన్ అతికించడం. 1974 నుంచి 1978 దాకా వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ రెండో తరం ముందు సస్పెన్షన్ నమూనాను అనుసరించి తయారుచేసిన కిట్లు దీనికి బాగా వాడతారు. రెండోది, మొత్తం ఛాసిస్‌నే మార్చడం. దీనికి కొత్తగా వెల్డింగ్ చేసిచ్చే ఛాసిస్ కొనొచ్చు, లేదా మరో బండి నుంచి తీసుకోవచ్చు. షెవర్లే ట్రక్కులవాళ్లు ఎక్కువగా తీసుకునేది 1982లో మొదలైన ఎస్-10 అనే చిన్న పికప్ నుంచి. అదీ నిచ్చెన ఆకారంలో ఉన్న ట్రక్కు ఛాసిస్సే. ముందు డిస్క్ బ్రేకులు, రెండు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్ దానితోనే వస్తాయి. 3100 వీల్‌బేస్ 116 అంగుళాలు. పొడుగు తొట్టి ఉన్న ఎస్-10 వీల్‌బేస్ 117.9. తేడా రెండంగుళాల లోపే.

ఆ రెండంగుళాలు చిన్నవే అనిపిస్తాయి. కానీ వెనక మడ్‌గార్డు వంపు మధ్యలో టైరు కూర్చోకుండా రెండంగుళాలు వెనక్కి జరిగితే, ఎందుకో తెలియకపోయినా చూసిన ప్రతివాడికీ బండి వికారంగా కనిపిస్తుంది. కాబట్టి కమ్మీలను కోసి, తగ్గించి, లోపల బలపు పట్టీ వేసి మళ్లీ వెల్డింగ్ చేయాలి, లేదా తొట్టిని జరపాలి. వెడల్పు విషయంలోనూ ఇదే జాగ్రత్త. చక్రాలు బాగా లోపలికి ఉంటే బండి ముడుచుకున్నట్టుంటుంది. బయటికి ఉంటే మలుపులో టైరు మడ్‌గార్డును కోస్తుంది. ఇంకొక సంగతి, ఎస్-10 వెనక హౌసింగ్‌లో క్రౌన్ వీల్ చిన్నది. ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ పెట్టేవాళ్లు చాలామంది దాన్ని తీసేసి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌కు వచ్చిన 8.8 అంగుళాల హౌసింగ్ వేసుకుంటారు.

ఫోర్డ్ ట్రక్కులవాళ్లకు క్రౌన్ విక్టోరియా అనే పెద్ద కారు ఇష్టం. 2011లో దాని తయారీ ఆగిపోయింది. పోలీసు విభాగాలు వాడి అమ్మేసినవి బోలెడు. అయితే కారు ఛాసిస్ కమ్మీలు మనుషులు కూర్చునే చోట బయటికి ఉబ్బి, నేలను తమ మధ్యకు దించుకుంటాయి. పికప్ క్యాబ్ కమ్మీల మీద కూర్చోవాలి. అందుకని 1953–56 ఎఫ్-100 లాంటి ట్రక్కులకు చాలామంది 2003 తర్వాతి క్రౌన్ విక్టోరియా అల్యూమినియం ముందు భాగాన్ని మాత్రమే విప్పి, పాత కమ్మీలకు బిగిస్తారు. ఇది నాకు నచ్చిన పద్ధతి. దానితో పాత ఛాసిస్ మిగులుతుంది, స్టీరింగ్, బ్రేకులు కొత్తవవుతాయి.

ఏ దారి పట్టినా మొదటి వారం స్పానర్ ముట్టుకోకూడదు. బండి తన చక్రాల మీద నిలబడి ఉండగానే కొలతలు తీసుకోవాలి. మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే దారం, గుండు చాలు. ముందు ఇరుసు మధ్య నుంచి మడ్‌గార్డు మీదికి నిలువు గీత, వెనక ఇరుసు నుంచి మరొకటి. నేల నుంచి క్యాబ్ అంచు ఎత్తు నాలుగు చోట్ల. రేడియేటర్ ముఖం నుంచి క్యాబ్ గోడకు దూరం. ఇవన్నీ కాగితం మీద, ఫొటోల్లో, నేల మీద సుద్దగీతల్లో ఉండాలి. ఒక్కసారి క్యాబ్ పైకి లేపాక ఇక అడగడానికి ఎవరూ ఉండరు.

లేపే ముందు తలుపుల చోట అడ్డంగా, ఐమూలగా ఇనుప కడ్డీలు తాత్కాలికంగా వెల్డింగ్ చేయాలి. ఈ క్యాబ్‌లకు కింది మూలలు, తలుపు కింది పట్టీలు, పాదాలు పెట్టే చోటు తుప్పు తినేసి ఉంటాయి. తుప్పు కోసేశాక క్యాబ్‌కు ఆధారం పోతుంది, తలుపుల సందు అరంగుళం మారిపోతుంది. తర్వాత ఎంత టింకరింగ్ చేసినా ఆ తలుపు మళ్లీ మెత్తగా పడదు.

ఇప్పుడు ఇంజిన్. నేడు ఎక్కువగా ఎక్కేది జనరల్ మోటార్స్ ఎల్‌ఎస్ కుటుంబం. అది 1997 కార్వెట్‌తో వచ్చింది, 1999 నుంచి పికప్‌లకు ఇనుప బ్లాకుతో 5.3 లీటర్ల రూపంలో దిగింది. మొదట్లోనే 270 హార్స్ పవర్, అంటే పాతదానికి మూడింతలు. లక్షల సంఖ్యలో తయారైంది గనుక స్క్రాప్ యార్డుల్లో దొరుకుతుంది. దానితో నాలుగు గేర్ల ఆటోమేటిక్ గేర్ బాక్స్ 4ఎల్60-ఇ వస్తుంది. దాని టాప్ గేరు నిష్పత్తి 0.70. వెనక 3.73 గేరు పెట్టుకుంటే, అదే టైరుతో అదే 60 మైళ్ల దగ్గర ఇంజిన్ దాదాపు 1,880 చుట్లే తిరుగుతుంది. పాత లెక్కతో పోల్చండి. ఈ మార్పు మొత్తంలో రోడ్డు మీద ముందుగా తెలిసే సుఖం ఇదే.

కష్టాలు అంచుల్లో ఉంటాయి. ట్రక్కు ఇంజిన్ ఆయిల్ పాన్ లోతైనది, ఛాసిస్ అడ్డకమ్మీకి తగులుతుంది. అందుకే 1998–2002 కమారో పాన్ వెతుకుతారు. సైలెన్సర్ గొట్టం, స్టీరింగ్ రాడ్ ఒకే సందు కోసం పోటీపడతాయి. ఇంజిన్ కంప్యూటర్ తన పాత బండిలోని దొంగతన నిరోధక తాళం సంకేతం కోసం ఎదురుచూస్తుంది. ఆ నిబంధనను ప్రోగ్రాములో తీసేయకపోతే ఇంజిన్ స్టార్టయి వెంటనే ఆగిపోతుంది. పాత ఆరు వోల్టుల కరెంటు పన్నెండుకు మారుతుంది కాబట్టి మీటర్లు, బల్బులు, వైపర్ల సంగతి చూసుకోవాలి.

అన్నిటికంటే జాగ్రత్త కావలసింది పెట్రోలు దగ్గర. కార్బురేటర్‌కు పాత పంపు చదరపు అంగుళానికి నాలుగైదు పౌన్ల ఒత్తిడితో ఇస్తే సరిపోయేది. కొత్త ఇంజెక్టర్లకు 58 పౌన్లు కావాలి. ఈ తరం ట్రక్కుల్లో చాలావాటికి పెట్రోలు ట్యాంకు క్యాబ్ లోపల, సీటు వెనకే ఉంటుంది. అంత ఒత్తిడి ఉన్న లైనును మనిషి వీపు వెనక ఉంచడం నాకు సమ్మతం కాదు. ట్యాంకును వెనక కమ్మీల మధ్యకు మార్చాలి.

ప్రొపెల్లర్ షాఫ్ట్ వంపు గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే పూర్తయిన బండ్లలో వణుకు చాలాసార్లు ఇక్కడి నుంచే వస్తుంది. కొత్త షాఫ్ట్‌కు రెండు కొసల్లోనూ క్రాస్ జాయింట్లు ఉంటాయి. వంపులో తిరిగే క్రాస్ జాయింట్ సమంగా తిరగదు. ఒక చుట్టులో రెండుసార్లు వేగం పెంచి, రెండుసార్లు తగ్గిస్తుంది. రెండో జాయింట్ అంతే వంపులో, ఎదురు దిశలో ఉంటే ఆ హెచ్చుతగ్గులను సరిగ్గా రద్దు చేస్తుంది. ఇంజిన్ వెనక్కి మూడు డిగ్రీలు వాలితే, వెనక హౌసింగ్ ముక్కు మూడు డిగ్రీలు పైకి లేవాలి. రెండూ సమాంతరంగా ఉండాలి. వంపే లేకుండా పెడదామనుకోవడం కూడా పొరపాటు. జాయింట్ లోపలి సూది బేరింగులు కదలకుండా ఒకేచోట నలిగి గుంట పడతాయి. ఈ కొలత బండి బరువంతా చక్రాల మీద ఉన్నప్పుడు తీసుకోవాలి, జాకీల మీద కాదు. బ్రాకెట్లకు చివరి వెల్డింగ్ ఆ తర్వాతే.

మళ్లీ బ్రేకులకు వస్తాను. రెండు దారుల మాస్టర్ సిలిండర్‌ను చాలామంది పాత పద్ధతిలోనే నేల కింద పెడతారు, బానెట్ కింద గోడ శుభ్రంగా కనిపించాలని. అక్కడ పెడితే అది డిస్క్ కాలిపర్ల కంటే కిందికి వస్తుంది. బండి నిలబడి ఉన్నప్పుడు ఆయిలు నెమ్మదిగా వెనక్కి జారుతుంది. పొద్దున్నే మొదటిసారి పెడల్ తొక్కితే సగం దాకా ఖాళీగా దిగుతుంది. డిస్క్ లైనులో 2 పౌన్ల ఒత్తిడి నిలిపే చిన్న వాల్వు పెడితే ఆ జారుడు ఆగుతుంది. వెనక డ్రమ్ములుంటే వాటి లైనుకు 10 పౌన్లది. అరచేతిలో పట్టే ఈ రెండు ఇత్తడి ముక్కలు మరిచిపోయి లక్షలు పోసిన బండిని రోడ్డెక్కించడం నన్ను భయపెడుతుంది.

చట్టం సంగతి ముందే తేల్చుకోవాలి. 1981 నుంచి అమెరికాలో ప్రతి బండికీ 17 అక్షరాల గుర్తింపు నంబరు ఉంది. ఎస్-10 ఛాసిస్‌కు దాని గుర్తింపు ఉంటుంది, పాత క్యాబ్ తలుపు కమ్మీ మీద దాని సొంత పలక ఉంటుంది. ఇప్పుడీ బండి ఏది? ఒక్కో రాష్ట్రం ఒక్కో జవాబిస్తుంది. కోయకముందే రవాణా శాఖను అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. పలకను పీకి ఇంకోచోట రివిట్ కొట్టే పని సొంతంగా ఎప్పుడూ చేయకూడదు. మన దేశంలో ఈ మార్పుకు దాదాపు దారి లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు 50 ఏళ్లు దాటిన బండికి ప్రత్యేక నంబరు ఇస్తాయి, కానీ ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మారకుండా ఉన్నప్పుడే. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో తాతగారి పాత బండి దొరికినవారికి అసలు రూపంలో బాగుచేయడమే న్యాయమైన దారి.

అమెరికాలోనూ ప్రతి ట్రక్కునూ కోయకూడదని గట్టిగా నమ్ముతాను. అసలు ఇంజిన్, అసలు గేర్ బాక్స్, తుప్పు పట్టని కమ్మీలు ఒకచోట దొరికిన 3100ను అలాగే ఉంచాలి. అలాంటివి తగ్గుతున్నాయి, మళ్లీ తయారుకావు. ఛాసిస్ విరిగినది, ఇంజిన్ బ్లాకు చలికి పగిలినది, ఎవరో ముందే సగం కోసి వదిలేసినది, ఇవి కొత్త ఛాసిస్‌కు తగిన బండ్లు. ఫోర్డ్ 2021లో 1978 ఎఫ్-100 బాడీ కింద ఎలక్ట్రిక్ మస్టాంగ్ మోటార్లు పెట్టి చూపించింది. రేపు పెట్రోలు ఇంజిన్ల బదులు అవే రావచ్చు. అప్పుడూ ఈ ఎంపిక ఇలాగే చేయాలి.

విప్పిన ఇంజిన్ నడిచేదే అయితే దాన్ని ఇనుము ధరకు అమ్మకండి. స్పార్క్ ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఇంజిన్ ఆయిలు పోసి, చేత్తో రెండు చుట్లు తిప్పి, ప్లగ్గులు మళ్లీ బిగించండి. నీళ్లు పూర్తిగా దించేయండి. కార్బురేటర్ మూతినీ సైలెన్సర్ మూతులనూ మూసి, చెక్క దిమ్మెల మీద పెట్టి గుడ్డ కప్పండి. బండి నంబరు రాసిన చీటీ ఒకటి దానికి కట్టండి. ఆ ఇంజిన్ కోసం వెతుక్కుంటూ ఒకరోజు ఎవరో వస్తారు.