ప్రధాన రహదారులపై సైకిలిస్టుల భద్రత
వేగ నియంత్రణ, ప్రత్యేక మార్గాలే రక్షణ

నగరాల్లోని ప్రధాన రహదారులపై బస్సులు, లారీలు, కార్ల నడుమ సాగే సైకిలిస్టులకు ఎటువంటి రక్షణ కవచమూ లేదు. పాలు, దినపత్రికలు చేరవేసేవారు, కార్మికులు, విద్యార్థులు నిత్యం ఈ ప్రమాదం నడుమనే రాకపోకలు సాగిస్తున్నారు.

ప్రమాదాలకు ముఖ్య కారణం వేగంలోని వ్యత్యాసం. గంటకు 54 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం సెకనుకు 15 మీటర్లు ముందుకు సాగుతుంది. డ్రైవరు సైకిలును గమనించి బ్రేకు వేసేలోగానే ఆ దూరం గడచిపోతుంది. వేగం 30 కిలోమీటర్లకు తగ్గితే ఇది సుమారు 8 మీటర్లే. అందువల్లనే 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోంలో జరిగిన రహదారి భద్రతా ప్రపంచ మంత్రుల సదస్సు, పాదచారులు, సైకిలిస్టులు వాహనాలతో కలసి సాగే చోట్ల సాధారణంగా 30 కిలోమీటర్ల గరిష్ఠ వేగ పరిమితి విధించాలని పిలుపునిచ్చింది.

వేగం తగ్గించ వీలులేని మార్గాలలో సైకిళ్లకు వేరుగా దారి కల్పించవలసి ఉంటుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి 2023 అక్టోబరు 1న ప్రారంభమైన 23 కిలోమీటర్ల సౌర పైకప్పు సైకిల్ ట్రాక్ ఇందుకు నిదర్శనం. అయితే నగరం లోపల పనులకు వెళ్లే సైకిలిస్టులకు ఆ రక్షణ అందదు.

కూడళ్ల వద్ద ముప్పు మరింత అధికం. ఎడమకు మలుపు తిరిగే భారీ వాహనం పక్కన ఉన్న సైకిలు డ్రైవరుకు కానరాదు. రోడ్డుపై గీసిన గీత మాత్రమే చాలదు. ఎత్తయిన అంచు, పార్కింగ్ నిషేధం, కూడళ్లలో ప్రత్యేక సిగ్నల్ అవసరం.

మోటారు వాహనాల (సవరణ) చట్టం, 2019 ప్రకారం యాంత్రికేతర వాహనాల రాకపోకలపై భద్రతా నిబంధనలు రూపొందించే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఉంది.