దీపవలయాల్లో ఎర్త్ తీగ బిగింపు: యానాం తీరప్రాంత పరిస్థితుల పరిశీలన

విద్యుద్దీప వలయంలో ఫేజు తీగ తెగితే దీపం ఆరిపోతుంది. న్యూట్రల్ తెగినా అంతే. ఎర్త్ తీగ తెగినప్పుడు మాత్రం దీపం యథాతథంగా వెలుగుతూనే ఉంటుంది. ఈ తీగను స్విచ్ బోర్డు వెనుక చుట్టచుట్టి వదిలేసే అలవాటుకు ఊతమిస్తున్నది ఈ నిశ్శబ్దమే. గౌతమీ గోదావరి తీరాన, సముద్రానికి చేరువలో ఉన్న యానాం వంటి చోట ఆ అలవాటు ఎందుకు మరింత ప్రమాదకరమో ఈ వ్యాసం వివరిస్తుంది.

తేమ, ఉప్పదనం ఉన్న ఒండ్రునేలల విద్యుత్ నిరోధం సాధారణంగా తక్కువ. రాతినేలతో పోలిస్తే ఎర్త్ గొయ్యి ఇక్కడ సులువుగా కుదురుతుంది. అయితే గొయ్యి దగ్గర తీసిన కొలత గొయ్యిని గురించి మాత్రమే చెబుతుంది. బోర్డు నుంచి దీపం లోహపు తొడుగు వరకు తీగ అవిచ్ఛిన్నంగా ఉన్నదీ లేనిదీ అది తేల్చదు. పైగా గొయ్యికి మేలు చేసే తేమా ఉప్పూ బిగింపులకు శత్రువులు. రాగి తీగను జి.ఐ. పెట్టెకు నేరుగా బిగిస్తే, ఉప్పుతేమలో ముందుగా జింకుపూత, ఆపై ఇనుము తినుకుపోతాయి. తగరపు పూత ఉన్న లగ్గు, ఇత్తడి మర, వాషరు వాడడం ఇందుకే అవసరం.

ఇంటి గొయ్యి, ట్రాన్స్‌ఫార్మర్ గొయ్యి కలిసిన దారి నిరోధం 10 ఓములనుకుందాం. 230 వోల్టుల వద్ద 23 ఆంపియర్ల దోషప్రవాహమే వస్తుంది. 6 ఆంపియర్ల సి-రకం ఎం.సి.బి. తక్షణం విడిపోవడానికి 30 నుంచి 60 ఆంపియర్లు కావాలి. కనుక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. తప్పనిసరి. ఎర్త్ తీగ బిగించి ఉంటే, తొడుగుకు ఫేజు తగిలిన క్షణమే అది విడిపోతుంది. బిగించకపోతే లీకేజీకి దారి ఉండదు. మనిషి ముట్టుకుని తానే ఆ దారి అయ్యేదాకా ఆర్.సి.సి.బి. కదలదు.

ప్రతి లోహపు పెట్టెకూ, తొడుగుకూ విడి ఎర్త్ కొస ఇవ్వాలి. ఒక దీపపు మర మీదుగా తరువాతి దీపానికి తీగ లాగితే, మొదటిది విప్పిన రోజున రెండవది అనాథ అవుతుంది. ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలపడం పొదుపు కాదు, ప్రమాదం: న్యూట్రల్ ఊడితే తొడుగంతా ఫేజు అవుతుంది. చదరంలో చదరం గుర్తున్న ప్లాస్టిక్ ఎల్.ఇ.డి. దీపాలకు ఎర్త్ కలపరు. అయినా అక్కడి తీగను కత్తిరించక కనెక్టరులో ముగించాలి. రేపు అదే చోటికి లోహపు దీపం రావచ్చు.

పరీక్ష తేలికే. మెయిన్ ఆపి, ఎర్త్ బార్‌కూ దీపపు లోహానికీ మధ్య నిరోధం కొలవాలి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నిరోధం మీటరుకు సుమారు 0.012 ఓము; 20 మీటర్లకు 0.24 ఓము. మల్టీమీటరు సొంత తీగల నిరోధాన్ని తీసివేశాక కూడా రెండు మూడు ఓములు కనిపిస్తే, ఎక్కడో బిగింపు చెడినట్లే. 2022 జూలైలో యానాం ఇళ్లలోకి గోదావరి వరదనీరు చేరింది. అలా మునిగిన బోర్డుల్లో, ఆరిన తరువాత దీపాలు వెలిగినా, ప్రతి ఎర్త్ మరనూ విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించి కొలిచాకే వాడకానికి ఇవ్వాలి.