రెండో పాపాయి వస్తున్న వేళ: అపోహలు – వాస్తవాలు

మొదటిసారి నెల తప్పినప్పుడు ఇంటిల్లిపాదీ కళ్లలో వత్తులు వేసుకుని చూసుకుంటారు. ప్రతి స్కానింగుకూ ఎవరో ఒకరు తోడు వెళతారు. రెండోసారికి వచ్చేసరికి ‘అన్నీ తెలిసినవేగా’ అన్న ధీమా ఇంట్లో అందరికీ వస్తుంది. ఆ ధీమాలోనే పరీక్షలు వాయిదా పడతాయి. ఎవరో చెప్పగా విన్న మాట డాక్టరు మాట కంటే ముందు నిలుస్తుంది. నిజానికి రెండో కాన్పు నాటికి తల్లి ఒంట్లో చాలా మార్పు వచ్చి ఉంటుంది. ఆమె చేతుల్లో ఇంకా ఎత్తుకోమని మారాం చేసే పెద్దబిడ్డ ఉంటుంది. అందుకే ఈసారి మొదటిసారి కంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. మన ఇళ్లలో పాతుకుపోయిన కొన్ని నమ్మకాలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

అపోహ: మొదటి కాన్పు సుఖంగా జరిగింది, ఈసారి అన్ని పరీక్షలు అక్కర్లేదు.

వాస్తవం: మొదటిసారి దాక్కుని రెండోసారి బయటపడే ముప్పులున్నాయి. వాటిలో ముఖ్యమైనది రక్తం గ్రూపుకు సంబంధించినది. మన దేశంలో నూటికి ఐదారుగురిది నెగటివ్ గ్రూపు. తల్లిది నెగటివ్, బిడ్డది పాజిటివ్ అయితే, కాన్పు సమయంలో బిడ్డ రక్తం కొద్దిగా తల్లి రక్తంలో కలుస్తుంది. తల్లి శరీరం దాన్ని పరాయిదిగా గుర్తించి యాంటీబాడీలను తయారు చేసుకుంటుంది. అప్పటికే మొదటి బిడ్డ బయటికి వచ్చేసి ఉంటుంది కాబట్టి సాధారణంగా ఆ బిడ్డకు ఏమీ కాదు. రెండో బిడ్డది కూడా పాజిటివ్ గ్రూపే అయితే ఆ యాంటీబాడీలు మాయను దాటి వెళ్లి బిడ్డ ఎర్ర రక్తకణాలను ధ్వంసం చేస్తాయి. బిడ్డకు తీవ్రమైన రక్తహీనత, కామెర్లు వస్తాయి. ఒక్కోసారి కడుపులోనే ప్రాణం పోతుంది.

దీన్ని ఆపేది యాంటీ-డి ఇంజెక్షన్. ఏడో నెల ప్రాంతంలో, అంటే 28 వారాలకు ఒకసారి, పాజిటివ్ బిడ్డ పుట్టాక 72 గంటల్లోపు మరోసారి ఇస్తారు. గర్భస్రావం అయినా, అబార్షన్ చేయించుకున్నా దీని గురించి డాక్టరును అడగాల్సిందే. ఈ మందు మనుషులు దానం చేసిన ప్లాస్మా నుంచే తయారవుతుంది. ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ హారిసన్ అనే దాత 2018 వరకూ 1,173 సార్లు రక్తం, ప్లాస్మా ఇచ్చారు; ఆయన ప్లాస్మాతో ఈ మందు తయారైంది. తల్లి ఒంట్లో యాంటీబాడీలు ఒకసారి తయారయ్యాక ఈ ఇంజెక్షన్ పనిచేయదు. కాబట్టి మీది నెగటివ్ గ్రూపైతే పాత ఫైలు తీసి, మొదటి కాన్పులో ఇది ఇచ్చారో లేదో చూడండి. మొదటి పరీక్షకు వెళ్లినప్పుడే ఆ కాగితం డాక్టరుకు చూపించండి.

గ్రూపు ఏదైనా సరే హిమోగ్లోబిన్, బీపీ, షుగరు పరీక్షలు మళ్లీ మొదటి నుంచీ చేయించుకోవాలి. క్రితంసారి మామూలుగా ఉన్నాయి కదా అని ఈసారీ అలాగే ఉంటాయనుకోకూడదు.

అపోహ: వెంటవెంటనే కనేస్తే ఇద్దరూ ఒకేసారి పెరిగిపోతారు, ఒక పని అయిపోతుంది.

వాస్తవం: మొదటి బిడ్డ పుట్టాక కనీసం 24 నెలలు ఆగి మళ్లీ గర్భం కోసం ప్రయత్నించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. అంటే ఇద్దరు బిడ్డల మధ్య దాదాపు మూడేళ్ల ఎడం ఉంటుంది. గర్భానికీ పాలకూ తల్లి ఒంట్లోని ఐరన్, ఫోలేట్ ఖర్చయిపోతాయి. అవి మళ్లీ కూడుకోవడానికి సమయం పడుతుంది. ఎడం బాగా తక్కువైతే నెలలు నిండకుండా కాన్పు కావడానికీ, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడానికీ అవకాశం పెరుగుతుంది. మొదటిది సిజేరియన్ అయితే గర్భాశయం మీది కుట్టు గట్టిపడటానికి కూడా ఆ వ్యవధి కావాలి.

అపోహ: పాలిస్తున్నంత కాలం గర్భం రాదు.

వాస్తవం: మూడు షరతులూ కలిసి ఉన్నప్పుడే ఈ మాట నిజం. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు. రాత్రీ పగలూ తల్లిపాలు తప్ప వేరే ఏదీ పట్టకూడదు. తల్లికి ఇంకా నెలసరి మొదలై ఉండకూడదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా రక్షణ లేనట్టే. ఇంకో మాట, కాన్పు తర్వాత మొదటి నెలసరికి ముందే అండం విడుదల కావచ్చు. అందుకే నెలసరే రాకుండా మళ్లీ నెల తప్పినవాళ్లు ఉన్నారు. పాలిచ్చే తల్లులకు సరిపడే పద్ధతులు చాలానే ఉన్నాయి. కాన్పయిన ఆసుపత్రిలోనే అడిగి తెలుసుకోండి.

అపోహ: మళ్లీ గర్భం వస్తే పెద్దబిడ్డకు వెంటనే పాలు మాన్పించాలి, ఆ పాలు విషమైపోతాయి.

వాస్తవం: పాలు విషం కావు. గర్భం మామూలుగా సాగుతుంటే పాలివ్వడం కొనసాగించవచ్చు. నాలుగైదు నెలలు వచ్చేసరికి పాలు తగ్గి రుచి మారుతుంది. కొందరు పిల్లలు అప్పుడు తమంతట తామే మానేస్తారు. గతంలో నెలలు నిండకుండా కాన్పయినా, ఇప్పుడు రక్తస్రావం కనిపిస్తున్నా మాత్రం డాక్టరు సలహా తీసుకోవాలి. చంటిబిడ్డ పుట్టాక ఇద్దరికీ ఇవ్వదలిస్తే ముందు చంటిబిడ్డకే ఇవ్వాలి. మాన్పించాలనుకుంటే చేదు పూసి ఒక్కరోజులో మాన్పించే పద్ధతి వద్దు. ఒక్కో పూట చొప్పున నెమ్మదిగా తగ్గించండి.

అపోహ: మొదట ఆపరేషన్ అయితే రెండోదీ ఆపరేషనే.

వాస్తవం: ఈ సూత్రం 1916 నాటిది. అప్పట్లో గర్భాశయాన్ని నిలువుగా కోసేవారు. ఆ కుట్టు తర్వాతి నొప్పులకు తట్టుకునేది కాదు. ఇప్పుడు కింది భాగంలో అడ్డంగా కోస్తున్నారు. ఇలాంటి సిజేరియన్ ఒకటే జరిగి, వేరే ఇబ్బందులేవీ లేని తల్లులు మామూలు కాన్పుకు ప్రయత్నిస్తే నూటికి 60 నుంచి 80 మందికి అది సాధ్యమవుతోంది. పాత కుట్టు విడిపోయే ప్రమాదం నూటికి ఒకటి కంటే తక్కువ. తక్కువైనా అది ప్రాణాంతకం కావచ్చు. కాబట్టి అత్యవసరంగా ఆపరేషన్ చేయగల థియేటరు, రక్తం, మత్తు డాక్టరు ఉన్న ఆసుపత్రిలోనే ఈ ప్రయత్నం జరగాలి.

ఈ విషయం మనకు ఎవరికంటే ఎక్కువగా తెలియాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద అది 21.5. రెండో కాన్పుకు వెళ్లే మన తల్లుల్లో కుట్టు ఉన్నవాళ్లు చాలామందే అన్నమాట. ‘నాకు మామూలు కాన్పు వీలవుతుందా? కాకపోతే కారణమేమిటి?’ అని అడిగే హక్కు ప్రతి తల్లికీ ఉంది.

అపోహ: పొట్ట ముందుకు ఉంటే మగపిల్లాడు. మళ్లీ ఆడపిల్ల పుడితే అది తల్లి వల్లే.

వాస్తవం: పొట్ట ఆకారాన్ని నిర్ణయించేవి కండరాల బిగువు, బిడ్డ పడుకున్న తీరు. ఆడో మగో తేల్చేది తండ్రి వీర్యకణం. అది ఎక్స్ క్రోమోజోమ్ తెస్తే ఆడపిల్ల, వై తెస్తే మగపిల్లాడు. తల్లి అండం ఎప్పుడూ ఎక్స్‌నే ఇస్తుంది. లింగ నిర్ధారణలో క్రోమోజోముల పాత్రను నెట్టీ స్టీవెన్స్ అనే శాస్త్రవేత్త 1905లోనే చూపించారు. ఇన్నేళ్లయినా రెండో ఆడపిల్లను కన్న తల్లి పురిటి మంచం మీదే మాటలు పడుతోంది. ఇది అజ్ఞానం మాత్రమే కాదు, క్రూరత్వం కూడా. పుట్టకముందు లింగం చెప్పడం, చెప్పించుకోవడం 1994 చట్టం ప్రకారం నేరం. తల్లులకు ప్రభుత్వం డబ్బు సాయం చేసే ప్రధానమంత్రి మాతృ వందన యోజన మొదటి కాన్పుకే అన్న మాట కూడా సరికాదు. అర్హత ఉన్న కుటుంబాల్లో రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000 రూపాయలు ఇస్తారు. వివరాలు అంగన్‌వాడీలో దొరుకుతాయి.

అపోహ: బాలింత నీళ్లు తాగితే పొట్ట వస్తుంది. పప్పు తింటే కుట్లు చీము పడతాయి. పెరుగు తింటే బిడ్డకు జలుబు చేస్తుంది.

వాస్తవం: పథ్యం వెనక ఉన్నది ప్రేమే. వేడివేడి అన్నం, వెల్లుల్లి, శొంఠి, మునగాకు, వేళకు తిండి, పని చెప్పకుండా విశ్రాంతి, ఇవన్నీ మంచివి. వాటిని అలాగే ఉంచుకుందాం. చిక్కంతా ‘ఇది వద్దు, అది వద్దు’ అనే జాబితాతోనే. కుట్టు మానడానికి కావాల్సిందే మాంసకృత్తులు. అవి పప్పు, గుడ్డు, పెరుగు, చేపల్లో ఉంటాయి. తల్లి పెరుగు తింటే ఆ చలవ పాలలోకి వెళ్లదు. నీళ్లు తగ్గిస్తే మలబద్ధకం, మూత్రంలో మంట వస్తాయి. పొట్ట వదులుగా ఉండటానికి కారణం సాగిన కండరాలు. అవి నెమ్మదిగా బిగుసుకుంటాయి.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మొదటి ఆరు నెలలూ పాలిచ్చే తల్లికి రోజుకు అదనంగా 600 కేలరీలు కావాలి. రెండో కాన్పు తల్లి ఒకపక్క పెద్దబిడ్డ వెనక పరుగెడుతూ, మరోపక్క చారన్నంతో సరిపెట్టుకుంటే ఆ శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? కాన్పు తర్వాత 180 రోజులు ఐరన్ మాత్రలు వేసుకోవడం కూడా మరవకూడదు.

అపోహ: మొదటి రోజు చిక్కటి పసుప్పచ్చ పాలు పిండి పారబోయాలి. అంతదాకా తేనె, పంచదార నీళ్లు, ఆముదం పట్టవచ్చు.

వాస్తవం: అవి ముర్రుపాలు. రోగాలను అడ్డుకునే శక్తి వాటిలో దండిగా ఉంటుంది. పుట్టిన గంటలోపే బిడ్డను రొమ్ముకు పట్టించాలి. మొదటి రోజు బిడ్డ పొట్టలో పట్టేది చెంచాడే కాబట్టి ఆ కొద్దిపాటి పాలే సరిపోతాయి. ఏడాది నిండేదాకా తేనె అసలు నాకించకూడదు. అందులో ఉండగల ఒక రకం బ్యాక్టీరియా బీజాలు పసిపేగుల్లో విషాన్ని తయారు చేసి కండరాలను చచ్చుపడేలా చేస్తాయి. మాటలు త్వరగా రావాలని వస అరగదీసి పోయడమూ వద్దు. మాటలు వచ్చేది మనం బిడ్డతో మాట్లాడితేనే. తల్లిపాలలో నూటికి 87 పాళ్లు నీళ్లే ఉంటాయి. కాబట్టి రోహిణి కార్తెలోనైనా ఆరు నెలల్లోపు బిడ్డకు విడిగా నీళ్లు పట్టనక్కర్లేదు.

అపోహ: లాల పోసేటప్పుడు చెవుల్లో, ముక్కులో నూనె చుక్కలు వేయాలి. రొమ్ములు పిండాలి. కళ్లకు కాటుక దిద్దాలి. కామెర్లకు ఎండ చూపిస్తే చాలు.

వాస్తవం: ఒంటికి మృదువుగా నూనె రాయడం మంచిదే. ముక్కులో వేస్తే మాత్రం ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగవచ్చు. పుట్టిన పిల్లల రొమ్ములు ఉబ్బడానికి కారణం తల్లి హార్మోన్లు, కొన్ని వారాల్లో అదే తగ్గిపోతుంది. పిండితే చీము పట్టి గడ్డకడుతుంది. కాటుకలో సీసం ఉండే ప్రమాదం ఉంది. సాంబ్రాణి పొగ బిడ్డ ఊపిరికి పడదు. బొడ్డు మీద పసుపు, పొడులు, నూనెలు ఏవీ వేయకుండా పొడిగా ఉంచితే అదే ఊడిపోతుంది.

కామెర్ల దగ్గర అలసత్వం అస్సలు పనికిరాదు. రెండో మూడో రోజున వచ్చే పచ్చదనం చాలామంది పిల్లల్లో దానంతటదే తగ్గుతుంది. పుట్టిన 24 గంటల్లోపే కనిపించినా, అరచేతులు, అరికాళ్ల దాకా పాకినా, బిడ్డ పాలు తాగకుండా మగతగా పడి ఉన్నా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బిలిరుబిన్ బాగా పెరిగితే మెదడు దెబ్బతింటుంది. దానికి చికిత్స ఆసుపత్రిలో నీలికాంతి కింద జరగాలి, పెరట్లో ఎండ చాలదు. పెద్దబిడ్డకు ఎండ చూపిస్తే తగ్గిందన్న అనుభవం ఈ బిడ్డకు వర్తించాలని లేదు.

అపోహ: కొన్నాళ్లు పెద్దబిడ్డను అమ్మమ్మ ఊరికో, నానమ్మ దగ్గరికో పంపేస్తే అందరికీ మంచిది.

వాస్తవం: మూడేళ్ల పిల్ల వైపు నుంచి చూడండి. అమ్మ ఆసుపత్రికి వెళ్లింది. తనని ఇంకో ఊరు పంపారు. తిరిగి వచ్చేసరికి అమ్మ పక్కన తను పడుకునే చోటులో ఇంకో పాపాయి ఉంది. గది గుమ్మం దాకా వెళ్లగానే ‘ముట్టుకోకు, చెల్లి నిద్రపోతోంది’ అన్నారు. చూడటానికి వచ్చిన అత్తయ్య బుగ్గ గిల్లి ‘ఇంక నిన్నెవరూ ఎత్తుకోరులే’ అంది. పెద్దలకు అది సరదా. పిల్లకు మాత్రం తను లోలోపల భయపడుతున్న మాటే పైకి వినపడింది. ఆ రాత్రి పక్క తడిపితే ‘పెద్దదానివి, సిగ్గులేదా’ అనిపించుకుంటుంది.

పక్క తడపడం, పాలసీసా అడగడం, వేలు చప్పరించడం ఈ సమయంలో మామూలే. తిట్టకుండా ఉంటే చాలావరకు కొద్ది వారాల్లో సర్దుకుంటాయి. జూడీ డన్, కెరోల్ కెండ్రిక్ కేంబ్రిడ్జిలో 40 కుటుంబాలను పరిశీలించి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. చంటిబిడ్డకూ ఇష్టాలు, బాధలు ఉంటాయని తల్లి పెద్దబిడ్డతో మాట్లాడుతూ వచ్చిన ఇళ్లలో తర్వాత పిల్లల మధ్య స్నేహం ఎక్కువగా కనిపించింది. ‘చెల్లి ఎందుకు ఏడుస్తోందంటావ్? ఆకలేమో’ అన్న చిన్న మాట చేసే పని అది.

పడక మార్చాలన్నా, బడిలో వేయాలన్నా కాన్పుకు రెండు మూడు నెలల ముందే చేయండి. ఆసుపత్రిలో మొదటిసారి పెద్దబిడ్డ వచ్చేసరికి చంటిబిడ్డను ఉయ్యాల్లో ఉంచి, తల్లి చేతులు పెద్దబిడ్డ కోసం ఖాళీగా ఉంచుకోండి. రోజుకు పావుగంటైనా తల్లి పూర్తిగా పెద్దబిడ్డతోనే గడపాలి. స్నానం, నిద్రపుచ్చడం వంటివి ఏడో నెల నుంచే నాన్నకు అలవాటు కావాలి. ఎంత ముద్దుచేసినా ఐదారేళ్లలోపు పిల్లలను చంటిబిడ్డతో ఒంటరిగా వదలకూడదు. పెద్దబిడ్డ టీకాలు, బూస్టర్లు సకాలంలో వేయించండి. కోరింత దగ్గు పసిబిడ్డకు ఇంట్లోవాళ్ల నుంచే అంటుకోవచ్చు.

అపోహ: రెండోసారి కదా, తల్లికి దిగులెందుకు ఉంటుంది?

వాస్తవం: కాన్పు తర్వాత మొదటి రోజుల్లో కారణం లేకుండా ఏడుపు రావడం సహజం. రెండు వారాలు దాటినా దిగులు, నిద్రలేమి, బిడ్డ మీద ఆసక్తి లేకపోవడం కొనసాగితే అది జబ్బు. అది ఎన్నో కాన్పులోనైనా రావచ్చు. ‘ఒక్కదాన్ని పెంచావుగా’ అనడం ఆమెను ఇంకా కుంగదీస్తుంది. డాక్టరుకు చూపించండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులో కూడా మాట్లాడవచ్చు. చచ్చిపోవాలనో, బిడ్డను ఏమైనా చేయాలనో ఆలోచనలు వస్తున్నాయంటే ఆమెను ఒంటరిగా వదలకుండా అదేరోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మొదటి కాన్పు నేర్పిన అనుభవం విలువైనదే. దాన్ని తల్లికి వేళకు అన్నం పెట్టడంలో, పెద్దబిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకోవడంలో, చంటిబిడ్డను చేయి తిరిగిన నేర్పుతో ఎత్తుకోవడంలో వాడండి. ఈ బిడ్డ రక్తం గ్రూపు, ఈసారి తల్లి హిమోగ్లోబిన్, ఈ పసికందు ఒంటి పచ్చదనం ఎలా ఉన్నాయో పాత అనుభవం చెప్పలేదు, పరీక్షే చెప్పాలి. ఈ రెండింటినీ దేని చోట దాన్ని ఉంచగలిగిన ఇల్లు రెండో బిడ్డకు సిద్ధంగా ఉన్నట్టే.