గర్భస్థశిశువు గుండెపరీక్ష



నాలుగవ మాసమున శిశుహృదయము వ్యక్తమగుననియు, అందుచే రెండు హృదయములుగల గర్భిణి దౌహృదిని యనఁబడుననియు సుశ్రుతుఁడు చెప్పెను. నేటి స్కానింగునందు సుమారు 6 వారములకే గుండె కొట్టుకొనుట కనఁబడును. కాని దాని కట్టడమును జూచుటకు 18 మొదలు 22 వారములు, అనఁగా మన లెక్కకు అయిదవ నెల, తగిన కాలము.

చెవికి వినరాని ధ్వనిని యంత్రము కడుపులోనికిఁ బంపి, మరలివచ్చు ప్రతిధ్వనులతో బొమ్మ గట్టును. ఇది ఎక్స్‌రే కాదు. వైద్యులు మొదట గుండెలోని నాలుగు గదులను జూతురు. అంతటితో విడువరాదు. గుండెనుండి వెడలు రెండు పెద్ద ధమనులు ఒకదానినొకటి దాఁటుచున్నవో లేదో చూడవలెను. అవి తారుమారైనను గదులు సరిగానే కనఁబడవచ్చును. అట్టి బిడ్డ పుట్టిన కొలఁదిగంటలలోనే నీలివన్నె కెక్కవచ్చును. దోషము ముందే తెలిసినచో కాన్పును బొబ్బిలిలోఁ గాక, విశాఖపట్టణమువంటి చోట శిశుహృదయవైద్యులున్న యాసుపత్రిలో నేర్పఱచుకొనవచ్చును.

“ఎనిమిదవ నెలలోఁ జూపింతములే” యను మాట మన యిండ్లలోఁ బలుమాఱులు వింటిని. అప్పటికి శిశువు ప్రక్కటెముకలు గట్టిపడి, వాని నీడ గుండెపైఁ బడి బొమ్మ మసకబాఱును.

మేనరికపు దంపతులును, మధుమేహముగల గర్భిణులును, తొలిబిడ్డకు గుండెజబ్బున్నవారును ఈ పరీక్షను తప్పక యడిగి చేయించుకొనవలెను. ఆడయో మగయో మాత్రము అడుగవలదు. 1994 నాఁటి చట్టము దానిని నిషేధించినది.